ఈ.కోలైలోకి ప్లాస్మిడ్ ఎక్కించడం ఎలా? కాలేజీ ల్యాబ్‌లో మొదటిసారి చేసేవాళ్ల కోసం

ట్రాన్స్‌ఫర్మేషన్ (ఈ.కోలై లాంటి బ్యాక్టీరియాలోకి ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ రింగును ఎక్కించడం) గురించి పరీక్షలో పది మార్కుల జవాబు రాసి, రికార్డులో నీలం కాలనీల బొమ్మ వేసి, దాని మీద సంతకం కూడా పెట్టించుకుని, చేత్తో మాత్రం ఒక్కసారీ చెయ్యకుండానే బయటికొచ్చేసినవాళ్లు మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదివినవాళ్లలో చాలామంది ఉంటారు. అది వాళ్ల తప్పు కాదు. చాలా కాలేజీల్లో ఈ ప్రయోగం అంటే ఖరీదైన కిట్లు కావాలనీ, పెద్ద పెద్ద మెషీన్లు కావాలనీ ఒక భయం ఉంది. నిజానికి ఆటోక్లేవ్, ఇంక్యుబేటర్, వాటర్ బాత్, చిన్న సెంట్రిఫ్యూజ్, మైక్రోపిపెట్లు, దండిగా ఐస్ ఉంటే చాలు. రెండున్నర రోజుల పని. నేను చెప్పే పద్ధతి కాల్షియం క్లోరైడ్ పద్ధతి, అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా చౌక.

మొదలుపెట్టే ముందు ఒక్కటి. ఇది ల్యాబ్‌లో, సార్ లేదా మేడమ్ ఎదురుగా ఉండగా చేసే పని, ఇంట్లో చేసేది కాదు. మన దేశంలో జన్యుమార్పిడి పనులకు 1989 నాటి నియమాలు ఉన్నాయి, వాటి ప్రకారం ఇలాంటి పని జరిగే సంస్థలో బయోసేఫ్టీ కమిటీ ఉండాలి. మీ దగ్గర ఎవరు చూస్తున్నారో ముందే కనుక్కుని, వాళ్లకు చెప్పి మొదలుపెట్టండి.

ఏ ఈ.కోలై తీసుకోవాలి

డీహెచ్5ఆల్ఫా అనే స్ట్రెయిన్ (ఈ.కోలైలో ఒక రకం) తీసుకోండి. మురుగు నీళ్ల నుంచో, ఇంకెక్కడి నుంచో పట్టుకొచ్చి కల్చర్ చేసిన ఈ.కోలైతో మాత్రం ఈ ప్రయోగం వద్దు. ఎందుకంటే ఈ.కోలై అనేది ఒకే పేరు కింద ఉన్న పెద్ద కుటుంబం. మన పేగుల్లో మనతో పాటే బతికేసే రకాలూ అందులోవే, రక్త విరేచనాలు తెప్పించి కిడ్నీల దాకా దెబ్బతీసే ఓ157 రకమూ అందులోదే. ప్లాస్మిడ్ తీసుకున్న సెల్స్‌ను ఏరడానికి మనం ఆంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ వాడతాం, బయట దొరికినదానికి దాన్ని తట్టుకునే శక్తి ముందే ఉండొచ్చు కూడా, అప్పుడు మీ ప్రయోగానికి అర్థమే ఉండదు.

ఈ బ్యాక్టీరియాను 1885లో థియోడర్ ఎష్రిష్ అనే పిల్లల డాక్టరు పసిబిడ్డల మలంలో గుర్తించి రాశాడు. ల్యాబుల్లో వాడే కే-12 అనే వంశాన్ని మాత్రం 1922లో కాలిఫోర్నియాలో, డిఫ్తీరియా నుంచి కోలుకుంటున్న ఒక పేషెంట్ మలం నుంచి తీశారు. అప్పట్నుంచీ అది ల్యాబుల్లోనే పెరుగుతూ వస్తోంది. 1946లో జోషువా లెడర్‌బర్గ్, ఎడ్వర్డ్ టాటమ్ బ్యాక్టీరియాలు కూడా ఒకదానికొకటి జన్యువులు ఇచ్చుకుంటాయని చూపించింది దీనితోనే. 1997లో దీని జీనోమ్ మొత్తం చదివేశారు: దాదాపు 46 లక్షల బేస్ జతలు, సుమారు 4,300 జన్యువులు. మన డీహెచ్5ఆల్ఫా ఈ కే-12 వంశంలోదే. ఇన్నేళ్లు ల్యాబ్‌లో సుఖంగా పెరిగి, పైగా కొన్ని జన్యువులు పోగొట్టుకుని, మనిషి పేగుల్లో నిలదొక్కుకునే శక్తి పెద్దగా లేనిది. మనం నిశ్చింతగా పని చెయ్యగలిగేది అందుకే. మీ దగ్గర లేకపోతే దగ్గర్లోని యూనివర్సిటీ ల్యాబ్‌ను అడగండి, లేదా చండీగఢ్‌లోని ఎంటీసీసీ లాంటి కల్చర్ కలెక్షన్‌కు కాలేజీ తరఫున ఉత్తరం పెట్టండి.

ప్లాస్మిడ్‌గా పీయూసీ19 మంచిది. 2,686 బేస్ జతల చిన్న డీఎన్ఏ రింగు. ఆంపిసిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ జన్యువు ఇందులో ఉంది, దాంతో పాటు బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైమ్‌లో చిన్న ముక్క కూడా ఉంది. మిగతా ముక్క డీహెచ్5ఆల్ఫా దగ్గర ఉంటుంది. రెండూ కలిస్తేనే ఎంజైమ్ పనిచేస్తుంది, పనిచేస్తే ప్లేట్‌లో వేసిన ఎక్స్-గాల్ అనే పదార్థాన్ని కోసి నీలం రంగు ఇస్తుంది. అంటే ప్లాస్మిడ్ లోపలికి వెళ్లిందా లేదా అన్నది మీ కంటికే కనిపిస్తుంది.

ముందు రోజు: మీడియా, ప్లేట్లు

ఎల్‌బీ మీడియాకు (బ్యాక్టీరియా పెరగడానికి ఇచ్చే ఆహారం) లీటరుకు ట్రిప్టోన్ 10 గ్రాములు, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 5 గ్రాములు, ఉప్పు (సోడియం క్లోరైడ్) 10 గ్రాములు. గట్టిపడాలంటే అగర్ 15 గ్రాములు కలపాలి. రెడీమేడ్ పొడి ఉంటే డబ్బా మీద రాసిన లెక్క చూసుకోండి. ఒక ప్లేట్‌కు 20 మిల్లీలీటర్లు పడుతుంది కాబట్టి 400 మిల్లీలీటర్లు చేస్తే 20 ప్లేట్లు వస్తాయి. ఫ్లాస్కు సగానికి మించి నింపకండి, అగర్ పొంగితే ఆటోక్లేవ్ కడుక్కోవడానికే సాయంత్రం అయిపోతుంది. 121 డిగ్రీల దగ్గర, 15 పౌండ్ల ప్రెషర్‌లో 15 నుంచి 20 నిమిషాలు. ప్రెషర్ దానంతటది దిగేదాకా మూత తియ్యొద్దు.

ఆంపిసిలిన్ ఎప్పుడు కలపాలి అన్నది ఈ రోజు పనిలో అసలు విషయం. స్టాక్ ముందే చేసి పెట్టుకోండి: మిల్లీలీటర్‌కు 100 మిల్లీగ్రాములు, స్టెరైల్ నీళ్లలో కరిగించి, 0.22 మైక్రాన్ సిరంజి ఫిల్టర్ గుండా పంపి, చిన్న చిన్న ట్యూబుల్లో పోసి మైనస్ 20లో పెట్టాలి. దీన్ని ఎప్పుడూ ఆటోక్లేవ్ చెయ్యకూడదు, వేడికి చెడిపోతుంది. అదే కారణంతో మీడియా సలసలా కాగుతున్నప్పుడు కూడా కలపకూడదు. ఫ్లాస్కును అరచేతిలో కాసేపు పట్టుకోగలిగేంత, అంటే 50 డిగ్రీలకు కాస్త అటూఇటూ చల్లారాక మీడియా మిల్లీలీటర్‌కు 1 మైక్రోలీటర్ లెక్కన స్టాక్ వేసి, నురగ రాకుండా మెల్లగా తిప్పండి. మరీ చల్లారితే ఫ్లాస్కులోనే గడ్డ కట్టేస్తుంది. గ్లవ్స్ వేసుకోండి. పెనిసిలిన్ పడనివాళ్లు ఈ పని వేరేవాళ్లకి ఇచ్చెయ్యండి.

ఫ్లాస్కులో కొంత మీడియాను ఆంపిసిలిన్ కలపక ముందే నాలుగైదు ప్లేట్లలో పోసి పక్కన పెట్టండి. అవి లేకపోతే రేపు మీకు ఏ జవాబూ దొరకదు, ఎందుకో కింద చెప్తాను. ప్లేట్ల అంచున, అడుగు వైపు, మార్కర్‌తో రాయండి, మూత మీద కాదు. మూతలు మారిపోతాయి.

కాల్షియం క్లోరైడ్ ద్రావణం 100 మిల్లీమోలార్ కావాలి. ఇక్కడ సీసా మీది పేరు చూడకుండా తూకం వేసేవాళ్లు చాలామంది. డైహైడ్రేట్ అని ఉంటే 100 మిల్లీలీటర్లకు 1.47 గ్రాములు, అన్‌హైడ్రస్ అని ఉంటే 1.11 గ్రాములు. ఆటోక్లేవ్ చేసి ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి.

ఆ సాయంత్రమే ఒకే ఒక్క డీహెచ్5ఆల్ఫా కాలనీని లూప్‌తో తీసి 5 మిల్లీలీటర్ల ఎల్‌బీలో కలిపి 37 డిగ్రీల షేకర్‌లో రాత్రంతా ఉంచండి. ఈ ట్యూబ్‌లో ఆంపిసిలిన్ వెయ్యకూడదు, మన బ్యాక్టీరియా ఇంకా దాన్ని తట్టుకోలేదు.

రెండో రోజు పొద్దున: సెల్స్‌ను సిద్ధం చేయడం

రాత్రి కల్చర్ నుంచి అర మిల్లీలీటర్ తీసి 50 మిల్లీలీటర్ల తాజా ఎల్‌బీలో వేసి, 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 37 డిగ్రీల దగ్గర బాగా షేక్ చెయ్యండి. గాలి ఆడాలి కాబట్టి ఫ్లాస్కు పెద్దదే కావాలి. గంట దాటాక ప్రతి 20 నిమిషాలకూ 600 నానోమీటర్ల దగ్గర ఓడీ (కల్చర్ ఎంత చిక్కబడిందో చెప్పే అంకె) చూస్తూ ఉండండి. స్పెక్ట్రోఫోటోమీటర్ లేకపోతే కలరీమీటర్‌లో 600 ఫిల్టర్ పెట్టుకుని, ఉట్టి ఎల్‌బీతో సున్నా సెట్ చేసి చూసినా సరిపోతుంది. 0.35 నుంచి 0.4 మధ్యలో ఆపెయ్యాలి. మంచి మీడియాలో ఈ.కోలై దాదాపు 20 నిమిషాలకోసారి రెట్టింపు అవుతుంది, అందుకే 0.2 కనిపించగానే టీ తాగడానికి వెళ్లిపోకండి. 0.8, 1 దాకా పోతే పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే మంచిది, వయసు మీరిన సెల్స్ డీఎన్ఏను సరిగ్గా తీసుకోవు.

ఇక్కడి నుంచి అంతా చల్లగా జరగాలి. మన వేసవిలో ల్యాబ్ గదిలో 38 డిగ్రీలు ఉంటుంది, ట్యూబ్‌ను రెండు నిమిషాలు బెంచి మీద వదిలేస్తే చాలు, పడ్డ కష్టమంతా వృథా. ఐస్‌ను దంచి, కొంచెం నీళ్లు పోసి, ట్యూబులు మెడదాకా మునిగేలా పెట్టండి. పెద్ద గడ్డల మధ్య ట్యూబ్ నిలబెడితే దానికి తగిలేది సగం గాలే. టిప్స్‌నీ, ఖాళీ ట్యూబుల్నీ, కాల్షియం క్లోరైడ్‌నీ ముందే చల్లబరచండి.

కల్చర్‌ను చల్లటి ట్యూబుల్లో పోసి ఐస్‌లో 10 నిమిషాలు, ఆ తర్వాత 4 డిగ్రీల దగ్గర 4,000 ఆర్‌పీఎంలో 10 నిమిషాలు తిప్పండి. కూలింగ్ సెంట్రిఫ్యూజ్ లేదా? అయినా చెయ్యొచ్చు. కల్చర్‌ను చిన్న ట్యూబుల్లో పంచుకుని, చిన్న సెంట్రిఫ్యూజ్‌లో రెండు మూడు నిమిషాల చొప్పున తిప్పి వెంటనే ఐస్‌లోకి దించుతూ ఉండండి. పైనున్న ద్రవాన్ని డిస్‌ఇన్‌ఫెక్టెంట్ ఉన్న బీకరులోకి వంచేసి, అడుగున మిగిలిన పెల్లెట్ మీద 15 మిల్లీలీటర్ల చల్లటి కాల్షియం క్లోరైడ్ పొయ్యండి.

ఇప్పుడు తొందరపడకూడదు. వోర్టెక్స్ (ట్యూబ్‌ను గట్టిగా కుదిపే మెషీన్) మీద పెట్టడం, పిపెట్‌తో గట్టిగా పైకీ కిందికీ లాగడం రెండూ వద్దు. ట్యూబ్‌ను ఐస్‌లోనే ఉంచి మెల్లగా గుండ్రంగా తిప్పుతూ ఉంటే పెల్లెట్ అంచుల నుంచి పొగలాగా తెల్లగా విడిపోతూ వస్తుంది, రెండు మూడు నిమిషాల్లో గడ్డ అన్నదే లేకుండా పోతుంది. 30 నిమిషాలు ఐస్‌లో ఉంచి మళ్లీ తిప్పండి. ఈసారి పెల్లెట్ మొదటిదానిలా గట్టి చుక్కలా ఉండదు, ట్యూబ్ గోడకు వెడల్పుగా, పలచగా పరుచుకుని ఉంటుంది. అది మంచి గుర్తు. కాల్షియం పనిచేసింది. అయితే ఇది తేలిగ్గా జారిపోతుంది కాబట్టి ద్రవం వంచేటప్పుడు జాగ్రత్త. చివరికి 2 మిల్లీలీటర్ల కాల్షియం క్లోరైడ్‌లో కలపండి. ఇవే కాంపిటెంట్ సెల్స్, అంటే బయటి డీఎన్ఏను తీసుకోవడానికి సిద్ధమైనవి. వెంటనే వాడొచ్చు, లేదా ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర 12 నుంచి 24 గంటలు ఉంచి వాడితే ఇంకా బాగా పనిచేస్తాయి. ఒకరోజు దాటితే మళ్లీ పడిపోతాయి.

డీఎన్ఏకీ, సెల్ పైపొరకీ రెండిటికీ నెగెటివ్ చార్జి ఉంటుంది, మామూలుగా ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. చల్లటి కాల్షియం ఆ చార్జిని అణిచి డీఎన్ఏను పొరకు దగ్గర చేస్తుంది, ఆ తర్వాతి వేడి దెబ్బకు డీఎన్ఏ లోపలికి దారి దొరుకుతుంది. 1970లో మాండెల్, హిగా ఇదే పద్ధతిలో ఒక వైరస్ డీఎన్ఏను ఈ.కోలైలోకి ఎక్కించారు. 1972లో స్టాన్లీ కోహెన్ బృందం ప్లాస్మిడ్‌ను ఎక్కించింది. మరుసటి ఏడు కోహెన్, హెర్బర్ట్ బోయర్ రెండు వేర్వేరు డీఎన్ఏ ముక్కల్ని అతికించి ఎక్కించారు. అందులో వాళ్లు సెల్స్‌ను ఏరుకోవడానికి వాడిన యాంటీబయాటిక్స్‌లో ఒకటి టెట్రాసైక్లిన్. ఆ కుటుంబంలో మొదటి మందైన ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ ల్యాబ్ నుంచి వచ్చింది, అప్పుడు అక్కడ పరిశోధనలకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఈ సంగతి క్లాసులో ఎవరూ చెప్పరు, చెప్పాలని నాకనిపిస్తుంది.

హీట్ షాక్

రెండు చల్లటి ట్యూబులు తీసుకుని ఒక్కోదాంట్లో 100 మైక్రోలీటర్ల సెల్స్ వెయ్యండి. ఒకదానికి 10 నానోగ్రాముల పీయూసీ19, ఒకటి రెండు మైక్రోలీటర్లకు మించకుండా. రెండోదానికి అంతే కొలత స్టెరైల్ నీళ్లు. వేలితో మెల్లగా తట్టి ఐస్‌లో 30 నిమిషాలు.

వాటర్ బాత్ 42 డిగ్రీలు ఉండాలి. మెషీన్ మీద కనిపించే నంబరును నమ్మకుండా నీళ్లలో థర్మామీటర్ పెట్టి చూడండి. ట్యూబుల్ని 45 సెకన్లు నీళ్లలో ముంచి, తీసిన వెంటనే ఐస్‌లో రెండు నిమిషాలు. గోడ మందంగా ఉన్న ట్యూబులైతే 90 సెకన్లు. సెకన్లు లెక్కపెట్టే పనిని పక్కవాళ్లకి ఇవ్వండి, ఒకరే చేస్తే తడబడతారు.

ఇప్పుడు ఒక్కోదానికి 900 మైక్రోలీటర్ల ఎల్‌బీ కలిపి 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాలి, వీలైతే షేకర్‌లో. ఆంపిసిలిన్ లేకుండానే. ప్లాస్మిడ్ లోపలికి వెళ్లినంత మాత్రాన సరిపోదు, దాన్ని చదివి ఎంజైమ్ తయారు చేసుకోవడానికి సెల్‌కు టైమ్ కావాలి. ఈ గంట ఎగ్గొట్టి నేరుగా ప్లేట్ మీద వేసేస్తే, ప్లాస్మిడ్ తీసుకున్న సెల్స్ కూడా చాలావరకు చచ్చిపోతాయి.

ఈ గంటలో ప్లేట్లు సిద్ధం చేసుకోండి. నీలం చూడాల్సిన ప్లేట్ మీద ఎక్స్-గాల్ (మిల్లీలీటర్‌కు 20 మిల్లీగ్రాములు) 40 మైక్రోలీటర్లు, 100 మిల్లీమోలార్ ఐపీటీజీ (ఆ ఎంజైమ్ తయారీని మొదలుపెట్టించేది) 40 మైక్రోలీటర్లు స్ప్రెడర్‌తో పరిచి, ఆరనివ్వండి. ఎక్స్-గాల్‌కు వెలుతురు పడదు, సీసాకు ఫాయిల్ చుట్టండి. అది కరిగి ఉండే ద్రవం చర్మం గుండా లోపలికి పోతుంది, అందుకని మళ్లీ గ్లవ్స్.

ఏ ప్లేట్ మీద ఏం వెయ్యాలి

ఇంతకుముందు చెప్పినవన్నీ కాస్త అటూఇటూ అయినా సర్దుకోవచ్చు, ఇది మాత్రం తప్పకూడదు. ప్లాస్మిడ్ ఉన్న ట్యూబ్ నుంచి 100 మైక్రోలీటర్లు ఆంపిసిలిన్, ఎక్స్-గాల్ ఉన్న ప్లేట్ మీద పరచడంతో చాలామంది పని అయిపోయిందనుకుంటారు. మరుసటి రోజు ఆ ప్లేట్ ఖాళీగా ఉంటే ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది? నిండా కాలనీలు ఉంటే మాత్రం, అవి ప్లాస్మిడ్ వల్లే వచ్చాయని ఎలా అంటారు?

అందుకే నీళ్లు కలిపిన ట్యూబ్ నుంచి కూడా రెండు ప్లేట్లు వెయ్యండి. ఒకటి ఆంపిసిలిన్ లేని ఉట్టి ఎల్‌బీ మీద, ఒకటి ఆంపిసిలిన్ ఉన్నదాని మీద. మొదటిదాని మీద బ్యాక్టీరియా పొర కట్టినట్టు నిండా పెరగాలి, పెరక్కపోతే మీ సెల్స్ చచ్చిపోయాయి, బహుశా హీట్ షాక్ ఎక్కువైంది. రెండోదాని మీద ఏమీ రాకూడదు. వచ్చిందంటే ఆంపిసిలిన్ వేడి మీడియాలో పడి చెడిపోయిందన్నా అనుకోవాలి, కలపడమే మరిచిపోయారన్నా అనుకోవాలి, లేదా సెల్స్ కల్తీ అయ్యాయి. ఈ రెండూ సరిగ్గా ఉండి, ప్లాస్మిడ్ ప్లేట్ మాత్రం ఖాళీగా ఉంటే అప్పుడు సెల్స్ సరిగ్గా కాంపిటెంట్ కాలేదనో, ప్లాస్మిడ్ పాడైందనో చెప్పొచ్చు. ఇంకో ప్లేట్ మిగిలితే కాల్షియం క్లోరైడ్ ఒక్కదాన్నే ఉట్టి ఎల్‌బీ మీద పరవండి, ద్రావణంలో ఏదైనా పెరుగుతోందేమో తెలుస్తుంది. రికార్డులో ఫలితాల దగ్గర నీలం కాలనీల కన్నా ముందు ఈ కంట్రోల్ ప్లేట్ల గురించి రాయండి. ఇవి లేని ప్రయోగాన్ని నేనైతే ప్రయోగమని ఒప్పుకోను.

ప్లేట్లు తిరగేసి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో 16 నుంచి 18 గంటలు. రాత్రి కరెంటు పోయే అవకాశం ఉంటే కంగారు లేదు, పెరుగుదల ఆలస్యమవుతుంది అంతే.

మూడో రోజు: లెక్క

గుండ్రటి నీలం కాలనీలు కనిపిస్తాయి. రంగు లేతగా ఉంటే ప్లేట్‌ను కొన్ని గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి, ముదురుతుంది. పెద్ద కాలనీ చుట్టూ సూది మొనంత తెల్ల చుక్కలు ఉంటే వాటిని లెక్కలోకి తీసుకోకండి. పెద్ద కాలనీ వదిలిన ఎంజైమ్ చుట్టుపక్కల ఆంపిసిలిన్‌ను తినేస్తే, ప్లాస్మిడ్ లేని సెల్స్ అక్కడ పెరిగేస్తాయి. 24 గంటలు దాటి ఉంచితే ఇవి ఎక్కువవుతాయి.

మీరు 10 నానోగ్రాములు వేశారు, మొత్తం ద్రవం దాదాపు 1,000 మైక్రోలీటర్లు, అందులో పరిచింది 100. అంటే ప్లేట్ మీద పడింది 1 నానోగ్రామ్. 150 కాలనీలు వస్తే మైక్రోగ్రామ్‌కు 1,50,000. ఈ పద్ధతిలో మైక్రోగ్రామ్‌కు లక్ష నుంచి కోటి వరకు వస్తే బాగా వచ్చినట్టే.

ఈ ప్లేట్ మీద చూసిందే పెద్ద ఎత్తున జరిగితే ఏమవుతుందో ఆలోచించండి. 1978లో మనిషి ఇన్సులిన్‌ను ఈ.కోలైలో తయారు చేశారు, 1982లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. అంతకుముందు షుగర్ పేషెంట్లకు పందుల, పశువుల క్లోమం నుంచి తీసిన ఇన్సులినే దిక్కు. అన్నీ ఈ.కోలైతో కావు, హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకాకు ఈస్ట్ వాడారు. ఇక రిచర్డ్ లెన్‌స్కీ 1988లో 12 ఫ్లాస్కుల్లో ఈ.కోలైను పెంచడం మొదలుపెట్టి పరిణామం ఎలా జరుగుతుందో కళ్లముందే చూపించారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధనా సంస్థలో మంజులా రెడ్డి గారు ఈ.కోలై సెల్ గోడ పెరగాలంటే ముందు ఆ గోడలోని ముడుల్ని కోసే ఎంజైములు ఉండాల్సిందేనని తేల్చారు, కొత్త యాంటీబయాటిక్స్ వెతికేవాళ్లకు అది పనికొచ్చే సంగతి. వాళ్ల పని కూడా మీరు ఇప్పుడు చేసినలాంటి ప్లేట్ల దగ్గరే మొదలవుతుంది.

పారెయ్యడం, దాచుకోవడం

ప్లేట్లు, ట్యూబులు, టిప్స్ అన్నీ 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఆటోక్లేవ్ చేశాకే బయటికి వెళ్లాలి. ద్రవాలైతే అప్పటికప్పుడు కలిపిన హైపోక్లోరైట్‌లో అరగంట ఉంచండి. ఇందులో యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువు ఉందన్న సంగతి గుర్తుంచుకుని, ఒక్క చుక్క కూడా సింక్‌లో నేరుగా పొయ్యకండి. బెంచి తుడవండి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

బాగా నీలంగా ఉన్న ఒక కాలనీని ఆంపిసిలిన్ కలిపిన 5 మిల్లీలీటర్ల ఎల్‌బీలో రాత్రంతా పెంచండి. అందులో అర మిల్లీలీటర్‌కు 50 శాతం గ్లిసరాల్ అర మిల్లీలీటర్ కలిపి, స్ట్రెయిన్ పేరు, ప్లాస్మిడ్ పేరు, తేదీ రాసి మైనస్ 80లో పెట్టండి, అది లేకపోతే మైనస్ 20లో కొన్ని నెలలు నిలుస్తుంది. మిగతా కల్చర్‌తో ప్లాస్మిడ్ ఐసోలేషన్ చేసి అగరోజ్ జెల్ మీద నడిపితే, మీరు ఎక్కించిన రింగే మళ్లీ బయటికొచ్చిందో లేదో అదే రోజు తెలిసిపోతుంది. పక్క లేన్‌లో మొదట వాడిన పీయూసీ19ను కూడా వెయ్యడం మరిచిపోకండి.